ఎల్లుండి ఇస్తానన్న బండి

అతణ్ణి అందరూ ఎల్లుండి అనే పిలిచేవారు. ఎల్లుండి బాబాయ్, ఎల్లుండి అన్న, ఎల్లుండిగాడు అని పిలిచేవాళ్ళ వయసునూ కోపాన్నీ బట్టి తోక మారేది గాని తల మారేది కాదు. కార్లు శుభ్రం చేయడం అతని పని. కడగడం అంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "కడగడానికి వానుంది, మధ్యలో నేనెందుకు?" అనేవాడు. బండి తెచ్చినవాడెవడైనా తాళంచెవి చేతిలో పెట్టకముందే ఎంతసేపు పడుతుందని అడుగుతాడు కదా. దానికి ఇతని దగ్గర ఎప్పుడూ ఒకటే పాఠం. "పైపైన అయితే గంట. లోపలా బయటా అయితే ఒక పూట. నేను చేసినట్టు చేయాలంటే ఎల్లుండి."

మూడు రోజులేం చేస్తావయ్యా అని దెబ్బలాడేవాళ్ళు కోకొల్లలు. ఏం చేసేవాడంటే, సీటుబెల్టును చివరంటా లాగి ఆ లోపలి జానెడు గుడ్డ కూడా తోమేవాడు. ఏసీ రంధ్రాల్లో దూదిపుల్లలు, గుండీల సందుల్లో టూత్‌బ్రష్షు, సీట్ల కింది పట్టాల్లో పాత చొక్కా ముక్క. మనిషి బండిలో బతికిన గుర్తులన్నీ సందుల్లోనే ఉంటాయని అతని నమ్మకం. పని అయ్యాక ఇంకో తంతు ఉండేది. డ్రైవరు తలుపు తనే తెరిచి, పక్కకు తప్పుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. యజమాని ఎక్కి కూర్చోవాలి, అటూ ఇటూ చూసుకోవాలి, దిగాలి. అప్పటిదాకా పని అయినట్టు కాదు. ఎంత తొందరలో ఉన్నవాడైనా సరే, ఎక్కి దిగాల్సిందే.

షెడ్డులో వెనక ఒక గది ఉంది. దుమ్ము రాకూడదని దానికి కిటికీలు పెట్టించలేదు. నాలుగు ట్యూబులైట్లు, గుమ్మానికి దళసరి ప్లాస్టిక్ పట్టీల తెర. అందులోకి వెళ్తే బయట పగలో రాత్రో తెలియదు, వీధిలో టైర్ల షాపువాడి సుత్తి చప్పుడు కూడా వినపడదు. పాతికేళ్ళుగా అతను రోజులో సగం ఆ గదిలోనే గడిపాడు, ఒక్కనాడూ భయమన్నది ఎరగడు.

ఆ ఉదయం చెల్లెలి మొగుడు వచ్చాడు. బండిని షెడ్డులోకి తేకుండా వీధిలోనే ఆపి, నడిచి వచ్చాడు. చెల్లెలు పోయి రెండు నెలలైంది. ఆసుపత్రి ల్యాబులో పనిచేసేది. నిలబడి పనిచేసుకుంటున్న మనిషి ఉన్నట్టుండి కుప్పకూలింది, మెదడులో నరం చిట్లిందన్నారు. నలభై ఒక్క ఏళ్ళు.

"బావగారూ, ఈ బండి అమ్మేస్తున్నాను. కొనేవాళ్ళు ఎల్లుండి సాయంత్రం ఇక్కడికే వస్తారు. లోపల ఏమీ మిగలకుండా చెయ్యాలి."

"ఏమీ అంటే?"

"ఏమీ అంటే ఏమీ." కాసేపు చెప్పుల వంక చూసుకుని, గొంతు తగ్గించి చెప్పాడు. "తలుపు తీస్తే చాలు, సీటు దానంతటదే ముందుకెళ్తుంది. అద్దం కిందికి వంగుతుంది. తనే ఎక్కి కూర్చున్నట్టు."

"ఓస్, అంతేనా! అది తాళంచెవిని గుర్తుపట్టి చేసే పని బావా. పొట్టిది కదా, సీటు ముందుకు లాక్కుని కూర్చునేది. ఆ కొలత బండికి గుర్తుండిపోయింది."

"నాకూ తెలుసు. నా కొలతకు మార్చి పెట్టాను, ఒకసారి కాదు, నాలుగుసార్లు. మర్నాడు మళ్ళీ తన కొలతే. రెండు నెలలుగా ఆ తలుపు మీద చెయ్యి వేయాలంటే భయమేస్తోంది. కొనేవాళ్ళ ముందు గనక అలా జరిగితే అక్కడే కూలబడిపోతాను. ఎలాగైనా ఆపాలి బావగారూ, మీకు పుణ్యముంటుంది."

అంత పొడుగు మనిషి అలా బతిమాలుతుంటే ఎల్లుండి చూడలేకపోయాడు. తాళంచెవి తీసుకుని జేబులో వేసుకున్నాడు.

పక్క తలుపులోంచి చెయ్యి పెట్టి స్టీరింగు పట్టుకుని, బండిని టైర్ల షాపువాడి సాయంతో వెనక గదిలోకి నెట్టించాడు. నెట్టడమెందుకు, నడిపి తేవచ్చుగా అని టైర్లవాడు అడిగాడు కూడా. ఒక్కడే మిగిలాక డ్రైవరు తలుపు తీశాడు. జుయ్‌మని సన్నని చప్పుడు. సీటు మెల్లగా ముందుకు కదిలి, స్టీరింగు దగ్గరికి వెళ్ళి ఆగింది. ఆ తర్వాత ఒక క్షణం ఏమీ లేదు. మనిషి సర్దుకుని కూర్చోవడానికి పట్టే పాటి ఆలస్యం. అప్పుడు లోపలి అద్దం వంగింది.

"ఏమే పొట్టీ, బాగున్నావా?" అన్నాడు నవ్వుతాలకి. ఆ గదిలో తన గొంతు తనకే కొత్తగా వినిపించి, నోరు మూసుకున్నాడు.

తలుపు లోపలి అరలో పిప్పరమెంటు కాగితాలు దొరికాయి, గోరంత చదరాలుగా మడిచినవి. చిన్నప్పటి నుంచీ దానికదే అలవాటు, కాగితం పారేయదు, మడుస్తుంది. సీటు కింద రెండు జడపిన్నులు. చెత్తబుట్ట కాలి పక్కనే ఉంది, అయినా చెయ్యి దానివైపు పోలేదు. అన్నీ చొక్కా జేబులో వేసుకున్నాడు. సీట్లు తడపబోయే ముందు బ్యాటరీ వైరు తీసేయడం అతని పద్ధతి, కింద తీగలుంటాయి కాబట్టి. వైరు తీస్తే ఈ రకం బండి నేర్చుకున్నదంతా మరిచిపోతుంది కూడా. సీటు గొడవ ఇంతటితో వదిలిందనుకుని, సాయంత్రందాకా నురగ పెట్టి తోమి, నీళ్ళు పీల్చి, పెద్ద ఫ్యాను పెట్టి తాళం వేసుకుని ఇంటికి పోయాడు.

రెండో రోజు తెర తొలగించగానే పిప్పరమెంటు వాసన కొట్టింది. అతను వాడే షాంపూకి నిమ్మ వాసన. పోనీ, ఏసీ గొట్టాల్లో ఉండిపోయిందేమో అనుకున్నాడు. సీట్లు ఆరాయో లేదో చూద్దామని అరచేతి వెనకవైపు ఆనించి చూశాడు. వెనక సీటు చల్లగా, ఇంకా చెమ్మగా ఉంది. పక్క సీటూ అంతే. డ్రైవరు సీటు మాత్రం పొడిగా, వెచ్చగా ఉంది, అప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టు. ఫ్యాను గాలి దానికే తగిలిందేమో. తగిలే ఉంటుందిలే అని తనకు తను చెప్పుకుని, బ్యాటరీ వైరు బిగించి, తలుపు వేసి మళ్ళీ తీశాడు.

జుయ్. సీటు ముందుకెళ్ళింది. ఒక క్షణం ఆగి అద్దం వంగింది.

గబగబా పక్క షెడ్డు ఎలక్ట్రీషియన్ని లాక్కొచ్చాడు. అతను నోటి నిండా మాటలున్న మనిషి. "వైరు తీసినా పోలేదా? ఛ, ఊరుకో అన్నా! ఇలాంటివి వంద చూశాను నేను," అంటూ సీటు బాగా వెనక్కి జరిపి, గుండీలు నొక్కి కొత్త కొలత ఎక్కించాడు. తలుపు వేశాడు, తీశాడు. సీటు ముందుకెళ్ళింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ వెళ్ళింది. మూడోసారి సీటు ఫ్యూజు పీకి చేత్తో పట్టుకుని తలుపు తీశాడు. సీటు జుయ్‌మంటూ ముందుకెళ్తుంటే చేతిలోని ఫ్యూజు వంక, సీటు వంక మార్చి మార్చి చూశాడు. ఫ్యూజు పెట్టేసి, "అన్నా, నాకు కొట్లో పనుంది," అని స్క్రూడ్రైవరు అక్కడే మరిచి వెళ్ళిపోయాడు. దాని కోసం మళ్ళీ రాలేదు.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని ఎల్లుండి కెలుకుతూ ఉండిపోయాడు. భార్య చూసి చూసి అడిగింది. జరిగింది చెప్పాడు. నవ్వుతుందనుకున్నాడు గాని ఆవిడ నవ్వలేదు.

"ఎన్నిసార్లు అడిగిందండీ ఆ పిల్ల, ఆ బండి చేసిపెట్టమని!"

అడిగింది నిజమే. ఆరేళ్ళ క్రితం బండి కొన్న రోజునే తిన్నగా షెడ్డుకు తెచ్చి, "అన్నయ్యా, మొదటి పాలిష్ నీ చేత్తోనే," అంది. గుమ్మంలో నాలుగు బళ్ళున్నాయి. ఎల్లుండి తీసుకురావే అన్నాడు. మరి బయటివాళ్ళకు చెప్పిన ఎల్లుండి మూడో రోజున తప్పకుండా వచ్చేది, దీనికి చెప్పిందే రాలేదు. సొంత మనిషి, ఎక్కడికి పోతుందిలే అన్న ధీమా. ఎడమ తలుపు మీద గీత పడిందన్నయ్యా, వెనక అద్దం మీద స్టిక్కరు జిగురు పోవట్లేదన్నయ్యా, ఏసీ వేస్తే దుమ్ము వాసనన్నయ్యా. ఎల్లుండి, ఎల్లుండి, ఎల్లుండి. డ్రైవింగు నేర్పింది కూడా తనే. కాళ్ళు అందక అది తంటాలు పడుతుంటే పక్కన కూర్చుని పగలబడి నవ్వింది కూడా తనే.

"చివరిసారి ఫోను చేసినప్పుడు మీరు చేతులు ఖాళీ లేవంటే నేనే మాట్లాడాను," అంది భార్య. "ఏమందో ఆ రోజే చెప్పాను మీకు. మీరు ఊఁ కొట్టారు గాని వినలేదు."

"ఏమంది?"

"ఈసారి ఎల్లుండి అంటే ఊరుకోను వదినా, బండి తెచ్చి షెడ్డులో పెట్టి అందులోనే కూర్చుంటాను, అన్నయ్య చేసి చూపించేదాకా దిగను, అంది."

కంచం ముందు నుంచి అలాగే లేచిపోయాడు.

మూడో రోజు షెడ్డు తలుపు సగానికి దించేసి, వచ్చినవాళ్ళందర్నీ వెనక్కి పంపేశాడు. ఎప్పుడు రమ్మంటావని ఒకాయన అడిగితే ఎల్లుండి అనబోయి, ఆ మాట నోట రాక, చేత్తో పొమ్మన్నాడు. రెండు రోజులూ తను చేసింది తుడిచెయ్యడం, చెల్లెలికి చేసిపెట్టడం కాదు. గీత అలాగే ఉంది. జిగురు అలాగే ఉంది. కొనేవాళ్ళు వాటిని చూడరులే అని వదిలేశాడు. ఇంతకన్నా సిగ్గుమాలిన పని ఉంటుందా అని తనను తనే తిట్టుకున్నాడు.

ముందు జిగురు పట్టాడు. నూనె రాసి, నానబెట్టి, అద్దం మీద గీతలు పడకుండా వేలిగోటితో గీకాడు. ఏసీ పెట్టె విప్పి లోపలి జాలీ మార్చి, రంధ్రం రంధ్రం తుడిచాడు. ఆఖరున ఎడమ తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని గీత మీద పాలిష్ పెట్టాడు. పాలిష్ మిషను వాడలేదు, గుడ్డతోనే గుండ్రంగా, గంటల తరబడి. గీత సగానికి మాయమయ్యేసరికి పైన చిన్న చప్పుడైంది. తలెత్తి చూశాడు. బయటి వైపు అద్దం మెల్లగా తిరుగుతూ కిందికి వంగి, తన ముఖం అందులో పూర్తిగా కనపడేదాకా వచ్చి ఆగింది. బండిలో ఎవరూ లేరు. తాళంచెవి తన జేబులో ఉంది.

లేచి పరిగెత్తాలనిపించింది. గీత ఇంకా సగం ఉంది. గుడ్డ మళ్ళీ ఆనించి, "చేస్తున్నాను కదే తల్లీ, తొందరపెట్టకు," అన్నాడు. ఆ మాట అన్నాక భయం కాస్త తగ్గి, ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే మిగతా గీత రుద్దాడు.

నాలుగు గంటలకు పని అయింది. ట్యూబులైట్ల ప్రతిబింబాలు బండి మీద తిన్నగా, ఎక్కడా వంకర లేకుండా పడుతున్నాయి. చేతులు కడుక్కున్నాడు. చొక్కా సర్దుకున్నాడు. డ్రైవరు తలుపు తెరిచి, పక్కకు తప్పుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"అయిందే పొట్టీ. ఎక్కి చూసుకో."

సీటు ముందుకెళ్ళింది. ఒక క్షణం గడిచాక అద్దం వంగింది. ఆ తర్వాత ఏమీ కదలలేదు. అతను అలాగే నిలబడ్డాడు. ఎంతసేపో అతనికే తెలియదు. బండి చూసుకోవడానికి ఏ యజమానీ అంతసేపు తీసుకోలేదు. అప్పుడు సీటు దానంతటదే వెనక్కి జరగడం మొదలుపెట్టింది, మెల్లగా, మనిషి దిగడానికి చోటిస్తున్నట్టు, చివరంటా. అతని భుజం పక్కనుంచి పిప్పరమెంటు వాసన వెళ్ళింది. గుమ్మానికి ఉన్న ప్లాస్టిక్ పట్టీల్లో ఒక్కటి, నడుము ఎత్తున, పక్కకు ఒత్తిగిలి మళ్ళీ మూసుకుంది.

చాలాసేపటికి తలుపు వేసి మళ్ళీ తీశాడు. సీటు కదలలేదు. మళ్ళీ వేశాడు, తీశాడు. తాళంచెవితో మూసి తెరిచాడు. మూడు రోజులుగా ఏది ఆగితే చాలనుకున్నాడో అది ఆగిపోయింది. తలుపు పట్టుకుని, "ఒక్కసారి కదలవే, ఒక్కసారి," అని సీటును బతిమాలుకున్నాడు. అది కదలలేదు.

అయిదింటికి చెల్లెలి మొగుడు వచ్చాడు. కళ్ళు గట్టిగా మూసుకుని తలుపు తీశాడు. చప్పుడేమీ వినపడకపోయేసరికి ఒక కన్ను తెరిచాడు, తర్వాత రెండోది. ఎక్కి కూర్చుని అద్దాన్ని చేత్తో తన ఎత్తుకు తిప్పుకున్నాడు. అది ఎక్కడ పెడితే అక్కడే ఉంది.

"అమ్మయ్య! ఏం చేశారు బావగారూ? ఎంతసేపు పట్టింది ఇది పోవడానికి?"

"ఆరేళ్ళు పట్టింది బావా."

ఎల్లుండి ఎప్పటిలాగే వేళాకోళమాడాడనుకుని, ఆ మనిషి రెండు నెలల తర్వాత మొదటిసారి నవ్వాడు. ఎల్లుండి చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. లోపల మడిచిన కాగితాలు చేతికి తగిలాయి.