తువ్వాలు వేసిన సీటు

దెయ్యాల మాట ఎత్తితే నాకు ముందు చిరాకు వస్తుంది. టెక్కలి నుంచి పల్లెలకు తిరిగే బస్సుల్లో చాలా ఏళ్లుగా కండక్టరుగా చేస్తున్నాను. ఫలానా మలుపు దగ్గర తెల్లచీర మనిషి చెయ్యెత్తుతుందని, బస్సు ఆపితే ఎవరూ ఉండరని మా డ్రైవర్లు చెప్పుకుంటూ ఉంటారు. ఎక్కితే టికెట్టు కొడతాను, ఎక్కకపోతే నాకెందుకు అనేవాణ్ణి. ఇప్పటికీ నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. జరిగింది మాత్రం చెబుతాను.

మా తమ్ముడు కూర్మారావు మలేసియాలో వెల్డరు. మా పక్క ఊళ్లలో ఇలా వెల్డింగుకీ, ఫిట్టింగుకీ దేశాలు పోయినవాళ్లు చాలామందే ఉన్నారు. రాత్రి అన్నం తిని పడుకున్నవాడు పొద్దున లేవలేదని వాడి గదిలో ఉండే స్నేహితులు ఫోన్ చేశారు. గుండె ఆగిపోయిందని అక్కడి డాక్టర్లు రాశారు. వాడికి ఇంకా పెళ్లి కూడా కాలేదు.

ఇలాంటప్పుడు మామూలుగా శవపెట్టె ఒక్కటే విమానంలో వస్తుంది. ఇంటివాళ్లు విశాఖ వెళ్లి తెచ్చుకుంటారు. మా అమ్మ ఒప్పుకోలేదు. మా ఇళ్లలో పోయిన మనిషిని కాటికి తీసుకెళ్లేదాకా ఒంటరిగా వదలరు. ఎవరో ఒకరు పక్కన కూర్చునే ఉంటారు.

"ఆడ్ని ఒక్కడ్నీ సామానులాగ పంపించీడానికి నానొప్పను. నువ్వెల్లు. దారంతా తమ్ముడి పక్కనే ఉండు, ఒగ్గీకు," అంది.

నేనూ ఎక్కడికైనా వెళ్లి నాలుగు రాళ్లు వెనకేసుకుందామని ఒకప్పుడు తీయించుకున్న పాస్‌పోర్టు చివరికి ఇలా పనికొచ్చింది.

అక్కడ దిగాక ఆసుపత్రి, కాగితాలు, సంతకాలు. వాడి ముఖం చూపించారు. నాకు ఏడుపు రాలేదు. మనసు మొద్దుబారిపోయింది. ఆకలి లేదు, నిద్ర లేదు, బెంగ కూడా లేదు. వాడి స్నేహితులు ఏడుస్తుంటే నేనే ఓదార్చాను.

తిరిగి వచ్చే రోజు చిక్కు వచ్చి పడింది. పెట్టెను ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లే వ్యానులో తమ పనివాళ్లకు తప్ప ఎవరికీ చోటు లేదన్నారు. వెనక పెట్టె పక్కన నేల మీద కూర్చుంటానని చేతులతో చూపించాను. రూల్సు ఒప్పుకోవన్నారు. ఎయిర్‌పోర్టు బస్సులో వచ్చేయమని, సరుకుల గేటు దగ్గర కలుద్దామని చెప్పి తలుపు వేసేశారు. అమ్మ వద్దన్న పనే జరిగింది. తమ్ముడు ఒక్కడే వెళ్లిపోయాడు.

ఆ ఊరి మధ్యలో పెద్ద రైల్వే స్టేషను ఉంది. ఎయిర్‌పోర్టుకు వెళ్లే బస్సులు దాని కింద అంతస్తులో ఆగుతాయి. తమ్ముడి స్నేహితుడొకడు నన్ను అక్కడ దింపి డ్యూటీకి పోయాడు. మిట్టమధ్యాహ్నం వేళ. కౌంటర్లో ఒక్క టికెట్టే తీసుకున్నాను. కిటికీ పక్కన కూర్చున్నాను.

కూర్చోగానే మెడలో ఉన్న తువ్వాలు తీసి పక్క సీటు మీద వేశాను. మా ఊళ్ల బస్సుల్లో అది మామూలే. జనం ఎక్కువుంటే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకుంటారు. తువ్వాలుకి టికెట్టు కొట్టలేదు, తియ్యండి బాబూ అని రోజూ గొడవపడేవాణ్ణి నేనే. అలాంటిది పరాయి దేశంలో, ఏసీ బస్సులో, ఎవరి కోసం వేశావని అడిగితే చెప్పలేను. చెయ్యి అలా పోయిందంతే.

బస్సు నిండుతోంది. ఎక్కినవాళ్లు నా వరస దాకా వచ్చి, పక్క సీటు చూసి వెనక్కి పోతున్నారు. తువ్వాలు చూసి పోతున్నారనుకుందామంటే, అక్కడివాళ్లకి మన తువ్వాలు సంగతి ఏం తెలుసు? ఒక పెద్దాయన పోతూ పోతూ ఎవరి కాలో తొక్కినట్టు ఆగి, మన్నించమన్నట్టు గుండె మీద చెయ్యి పెట్టుకుని తలవంచాడు. నా కాలు మాత్రం కాదు.

బయలుదేరే ముందు బస్సు మనిషి ముందు నుంచి వేలితో లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. ఆ పని నా పనే. సీట్లు లెక్కపెడితే చూపు కిందికి ఉంటుంది. మనుషుల్ని లెక్కపెడితే తలల మీద ఉంటుంది. అతని వేలు నా తల మీదికి ఒకసారి, నా పక్కన అదే ఎత్తులో ఇంకోసారి ఆడింది. తలుపు దగ్గర ఒకావిడ సూట్‌కేసుతో నిలబడి ఉంది. ఖాళీ లేదని ఆవిణ్ణి దింపేశాడు. తువ్వాలు తీసేయాలనుకున్నాను. తీయలేదు.

బస్సు కదిలాక అమ్మ ఫోన్ చేసింది. తమ్ముడి దగ్గరే ఉన్నావా అని అడుగుతోంది. బస్సులో ఉన్నానమ్మా, దిగాక చేస్తాను అని పెట్టేశాను.

నడవకి అవతలి సీట్లో ఒక ముసలావిడ కూర్చుని ఉంది. నా మాట విని పలకరించింది. మనవరాలు విమానం దిగుతోందని ఎదురెళుతోందట.

"సీకాకులమేటి బాబూ? మా తాత ఆ పక్క నుంచే ఈ రబ్బరు తోటల్లో పనికొచ్చీసినాడు," అంది.

ఎప్పుడో వెళ్లిపోయినవాళ్ల మాట అచ్చం మా ఇంట్లో మాటలాగే ఉంది. నేను తల ఊపాను. ఎందుకొచ్చానో, ఎవరు పోయారో ఒక్క ముక్క అనలేదు. ఫోన్లో కూడా తమ్ముడన్న మాట నా నోటి నుంచి రాలేదు.

ఆవిడ నా పక్క సీటు వైపు కాసేపు చూసింది.

"తమ్ముడేటి? నీ పోలికే. ఎంత అలిసిపోనాడో, ఒల్లు తెలీకుండా పడుకున్నాడు. ఏసీ గాలికి సలేస్తాది. ఆడి ఒల్లో తువ్వాలున్నాది కదా, కప్పు బాబూ."

పెద్దావిడకి చూపు ఆనదేమో అనుకుందామంటే, తరవాత దూరంగా కనబడ్డ బోర్డు చదివి ఎయిర్‌పోర్టు వచ్చేసిందని చెప్పింది కూడా ఆవిడే.

నేను ముఖం కిటికీ వైపే పెట్టుకుని, చెయ్యి మాత్రం చాపి తువ్వాలు పైకి లాగాను. చేతికి తువ్వాలు తగిలింది. అంతకు మించి ఏమన్నా తగిలిందా అంటే ప్రమాణం చేసి చెప్పలేను. అప్పుడు వచ్చింది ఏడుపు. అన్నాళ్లూ రానిది ఒక్కసారిగా వచ్చింది.

మిగతా దారంతా నేను పక్కకి చూడలేదు. భయపడి కాదు. చూస్తే సీటు ఖాళీగా కనబడుతుందేమోనని.

బస్సు ఆగాక అందరూ దిగేదాకా ఉండి అప్పుడు చూశాను. తువ్వాలు ఒక్కటే ఉంది. తీసుకుని దిగాను. సరుకుల గేటు దగ్గరికి పెట్టె అప్పటికే వచ్చి ఉంది. దారిలో ఏ ఇబ్బందీ లేదన్నారు వ్యాను వాళ్లు.

విశాఖలో దిగాక అంబులెన్సులో వాడి పక్కనే కూర్చున్నాను. భోగాపురం, శ్రీకాకుళం దాటి తెల్లారేసరికి ఇల్లు చేరాం. పెట్టె దించగానే అమ్మ దాని మీద పడలేదు. ముందు నా దగ్గరికొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"దారిలో ఎక్కడన్నా ఆడ్ని ఒక్కడ్నీ ఒగ్గీసినావేటిరా?" అంది.

లేదమ్మా, పక్కనే ఉన్నానన్నాను. అమ్మ నమ్మింది. అప్పుడు వెళ్లి వాడి పక్కన కూలబడి ఏడ్చింది.

నేను చెప్పింది నిజమో అబద్ధమో ఈ రోజుకీ నాకు తెలియదు. అబద్ధం ఆడినట్టు మాత్రం ఎప్పుడూ అనిపించలేదు.