దీపం గది తెరలు

ఏం ఉద్యోగం చేస్తావని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఆవిడకే కాస్త మొహమాటంగా ఉండేది. పొద్దున్నే లైట్‌హౌస్ మెట్లెక్కి, పైగది చుట్టూ ఉన్న తెరలు మూయడం. పొద్దు పూర్తిగా గుంకాక మళ్లీ ఎక్కి తీయడం. దీపం వెలిగించేది భర్త. ఆయనకి జీతం, టోపీ, రేవులో నలుగురి నమస్కారాలు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. కొండ కింద జనం ఆవిణ్ణి తెరలమ్మ అనేవారు. నీళ్ల ట్యాంకరు డ్రైవరైతే కొండెక్కిన ప్రతిసారీ హారను మోగించి, "ఏం పిన్నీ, నాటకం ఎన్నింటికి?" అని అడిగేవాడు.

"నీ వేషం కట్టడం అయ్యాక నాయనా" అనేది ఆవిడ, నీళ్ల గొట్టం అందుకుంటూ.

ఆ పని ఆవిడకి అత్తగారి దగ్గర్నుంచి వచ్చింది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం అత్తగారు ఆవిణ్ణి పైకి తీసుకెళ్లింది. దీపం చుట్టూ మనిషెత్తు గాజు పంజరం. మందపాటి గాజు ముక్కలు ఒకదాని చుట్టూ ఒకటి వలయాలుగా పేర్చి, ఇత్తడి చట్రంలో బిగించి ఉన్నాయి. లోపలికి దూరడానికి ఒక చిన్న సందు, దూరాక నిలబడేంత చోటు.

"ఎంత బాగుందండీ!" అంది కొత్త కోడలు.

అత్తగారు పడమటి తెర కొంచెం పక్కకి లాగి, ఒక చీపురుపుల్ల పంజరంలోకి చాపి, అటూ ఇటూ కదిపి ఒకచోట ఆపింది. పుల్ల చివర శనగగింజంత తెల్లటి చుక్క పడింది. కళ్లు చిట్లించి చూసేలోగా పొగ లేచింది, ఆ వెంటనే మంట.

"రాత్రి దీపం వెలుగు ఇందులోంచి బయటికి పోతుంది. పగలు ఎండ అదే దారిన లోపలికొస్తుంది. దానికి నూనె, గుడ్డ, మనిషి అని తేడా తెలీదు. మా మరిది మొహం చూశావుగా?"

ఆ చినమామగారికి ఒక పక్క కనుబొమ లేదు. ఆ కంటి చుట్టూ చర్మం ముడతలుపడి మెరుస్తూ ఉండేది. అది పుట్టుకతో వచ్చిందని అనుకుంటూ వచ్చిన కోడలు పంజరం నుంచి రెండడుగులు వెనక్కి వేసింది. ఆ తర్వాత అత్తగారు పోయింది, కోడలి తలా నెరిసింది, కానీ జ్వరమొచ్చినా తెరలు మూయకుండా ఏ రోజూ ఉండలేదు.

కొన్నాళ్లకి నూనె దీపం తీసేసి కరెంటు బల్బు పెట్టారు. అది దానంతటదే వెలుగుతుంది, దానంతటదే ఆరుతుంది. భర్త ఉద్యోగం పేరుకి మిగిలింది. రాత్రిళ్లు పడుకోవడం అలవాటు లేని మనిషి, పగళ్లు ఏం చేయాలో తోచని మనిషి అయ్యాడు. చెప్పులు తుడిచి పెట్టేవాడు, తుడిచిన వాటినే మళ్లీ తుడిచేవాడు.

బల్బు బిగించడానికొచ్చిన ఇంజనీరు నెమ్మదస్తుడు. "తెరలు మాత్రం మానకండి, ఎండ పడితే తీగలు కరిగిపోతాయి" అని ఆవిడకి రెండుసార్లు చెప్పాడు. అలా చెప్పినందుకే ఆవిడకి అతనంటే గౌరవం కలిగింది. పని ముగిశాక, ఆవిడ భర్త దిగాలుగా నిలబడి ఉండటం చూసి కాబోలు, "మీకొకటి చూపిస్తాను రండి" అన్నాడు.

అప్పుడింకా ఉదయం. సూర్యుడు కొండ వైపున, తూర్పు తెరల వెనకాల ఉన్నాడు. సముద్రం పడమర. ఇంజనీరు పడమటి తెర ఒక్కటి తీసి, పంజరంలో బల్బు పక్కన తెల్ల కాగితం పట్టుకున్నాడు. కాగితం మీద సముద్రం ప్రత్యక్షమైంది. అరచేతంత సముద్రం. నీళ్లు పైన, ఆకాశం కింద. రేవు నుంచి బయల్దేరిన పడవ ఒకటి తలకిందులుగా వేలాడుతూ, అసలు పడవ కుడికి పోతుంటే అది ఎడమకి పోతోంది.

"గాజులోకి దిగేటప్పుడు వెలుగు కాస్త ఒరుగుతుంది, బయటపడేటప్పుడు ఇంకాస్త" అన్నాడు ఇంజనీరు. "నడిమధ్యన పడింది తిన్నగా వచ్చేస్తుంది. అంచుకి పోయేకొద్దీ గాజు ఏటవాలు ఎక్కువ, ఒరగడమూ ఎక్కువే. పడవ కొన మీది నుంచి వచ్చే వెలుగు ఇన్ని గాజు వలయాల మీద పడుతుందా, ప్రతి వలయం దాన్ని తనకి తగినంత వంచి ఒక్కచోటికే చేరుస్తుంది. పైనుంచి వచ్చింది కిందకి, కిందనుంచి వచ్చింది పైకి. అందుకే బొమ్మ తిరగబడుతుంది."

"మరి ఆ కాల్చే చుక్క?" అని అడిగింది ఆవిడ.

"అదీ బొమ్మేనమ్మా. సూర్యుడి బొమ్మ. పొద్దు వాలేకొద్దీ అది పైకి పాకుతుంది."

భర్త ముఖం పెళ్లినాటి ముఖంలా వెలిగిపోయింది. ఆవిడ మాత్రం తెర ఎప్పుడు మూస్తారా అని చూస్తూ నిలబడింది.

ఆ మర్నాటి నుంచి ఆయనకి పొద్దు గడవడమంటూ సమస్య లేదు. చిన్న పీట, అట్టకి అంటించిన తెల్ల కాగితం పట్టుకుని పైకి పోయి, పడమటి తెర తీసి పంజరంలో కూర్చునేవాడు. కాఫీ అయినా అక్కడికే. తలకిందుల ఓడల్లో ఏది ఏ ఊరిదో పొగగొట్టం చూసి చెప్పేవాడు.

"మధ్యాహ్నం కాకముందే దిగిపోండి" అనేది ఆవిడ.

"ఆ సంగతి నాకు తెలీదా? ఈ దీపం దగ్గరే కదే పుట్టాను!"

"మీ చిన్నాన్నగారూ ఇక్కడే పుట్టారు."

దానికి ఆయన నవ్వేవాడు. ఆవిడకి నవ్వు వచ్చేది కాదు. రోజూ ఎండ నడినెత్తికొచ్చే వేళకి పొయ్యి దగ్గర ఉన్నా చెవులు మెట్ల మీదే ఉండేవి. ఆయన చెప్పుల చప్పుడు వినబడ్డాకే అన్నం వడ్డించేది. ఒకరోజు ఆ చప్పుడు ఆలస్యమైంది. గరిటె పట్టుకునే సగం మెట్లు ఎక్కేసింది. ఎదురొస్తూ ఆయన, "ఏం, కొడతావా?" అన్నాడు.

వేసవి ముదిరింది. కొండ మీద గడ్డి ఎండి గరగరలాడుతోంది. ఒకరోజు సరుకులకని ఆవిడ కొండ దిగింది. దుకాణంలో జనం, ఆ పైన వస్తానన్న బండి రాలేదు. ఆలస్యమవుతున్నకొద్దీ ఆవిడ మాటిమాటికీ కొండ వైపు చూసింది. చివరికి ట్యాంకరు డ్రైవరు కనిపించి ఎక్కించుకున్నాడు. పొద్దు అప్పటికే పడమటికి బాగా వాలింది. కొండ మలుపు తిరగ్గానే లైట్‌హౌస్ కనబడింది. పైగది పడమటి వైపున ఏదో భగ్గున మెరిసింది.

"ఓహో పిన్నీ, ఇవాళ మీ నాటకం పగలే మొదలెట్టారే!" అని నవ్వాడు డ్రైవరు.

ఆవిడ ముఖం చూసి నవ్వు ఆపేశాడు. బండి వేగం పెంచాడు.

మెట్ల మధ్యకి వచ్చేసరికి వాసన తగిలింది. కాలిన గుడ్డ వాసన, దాని అడుగున ఇంకో వాసన. డ్రైవరు ముందు పరిగెత్తి, గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. గాజు పంజరంలో ఆయన పీట మీద ఇత్తడి చట్రానికి జారగిలబడి ఉన్నాడు. మూతి ఒక పక్కకి లాగేసింది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఒళ్లో కాగితం మధ్యన పెద్ద నల్లటి చిల్లు. మోకాలి మీద ప్యాంటు కాలి, కింద చర్మం బొబ్బలెక్కింది. ఆ తెల్లటి చుక్క ఇప్పుడు ఒళ్లో పడున్న కుడి చేతి మీద ఉంది. సన్నగా పొగ వస్తోంది. చెయ్యి కదలడం లేదు. కళ్లు మాత్రం ఆ చుక్కనే చూస్తున్నాయి.

డ్రైవరు ఆయన్ని లాగడానికి పంజరంలోకి దూరబోయాడు. ఆవిడ అతని చొక్కా పట్టి వెనక్కి లాగి, ముందు తెర దగ్గరికి పరిగెత్తింది. రెండు చేతులా ఒక్క గుంజు గుంజి మూసింది. గది చీకటైంది. అప్పుడు గానీ ఆవిడ గొంతులోంచి ఏడుపు రాలేదు.

ఆస్పత్రిలో పక్షవాతం అన్నారు. పొద్దున ఎప్పుడో వచ్చి ఉంటుందట. అంటే ఎండ ఇటు తిరగడం, చుక్క పుట్టడం, పాదాల దగ్గర్నుంచి పైకి పాకడం, కాగితాన్ని తినడం, అన్నీ ఆయన కూర్చుని చూశాడు. కేక వేయడానికి నోరు లేదు, తప్పుకోవడానికి ఒళ్లు లేదు. ఇంకాసేపు ఆగితే అది ఛాతీ మీదికి వచ్చేది. ఈ సంగతి ఆవిడ ఎవరితోనూ అనలేదు. కానీ మంచం పక్కన కూర్చున్న ప్రతిసారీ అదే తలపుకొచ్చేది.

చెయ్యి మానింది గానీ రెండు వేళ్లు పోయాయి. విషయం తెలిసి ఇంజనీరు వచ్చి, మంచం పట్టె మీద చెయ్యి వేసి తల దించుకుని కూర్చున్నాడు. "మీ తప్పేముంది బాబూ, ఆయన సంతోషంగా ఉన్న రోజులవి" అంది ఆవిడ. అతనికి కాఫీ ఇచ్చింది.

చాలా నెలలకి ఆయనకి మాట వచ్చింది. తడబడుతూ వచ్చిన మొదటి మాట, "మూశావా?"

"మూశానండీ."

ఆ తర్వాత రోజూ ఎండెక్కే వేళకి అదే ప్రశ్న. వానపడుతున్నా అడిగేవాడు. ఇవాళ సూర్యుడే లేడండీ అని ఆవిడ వాదించేది కాదు.

ఒక ముసురు రోజున ఆవిడ మోకాళ్లు బొత్తిగా లేవలేదు. ఆకాశం బూడిదరంగులో ఉంది. మెట్లెక్కకుండానే "మూశాను" అని చెప్పింది. ఆయన తృప్తిగా కళ్లు మూసుకున్నాడు. ఆవిడ కంచం ముందు కూర్చుని ఒక్క ముద్ద కలిపింది. ఇంతలో గుమ్మంలో సన్నటి నీడ ఒకటి పడింది. నీడ పడిందంటే వెలుగు వచ్చినట్టే. మబ్బు విడిపోతోంది.

చెయ్యి కడుక్కోకుండానే లేచింది. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా ఆగి, పళ్లు బిగపట్టి ఎక్కింది. పైన ఏమీ కాలలేదు. పంజరంలో నేల మీద, బల్బు తీగకి జానెడు దూరంలో, తెల్లటి చుక్క ఒకటి ఉంది. ఒక్క క్షణం దాన్ని చూసింది. తెర లాగింది. తర్వాత పై మెట్టు మీద కూలబడి, దిగడానికి ఓపిక వచ్చేదాకా అక్కడే ఉండిపోయింది.