బేరింగుకు పెట్టిన చెవి

ఈ రోజు మా ఆయన తన ఆగిపోయిన మోటార్ సైకిల్ ఇంజన్ విప్పి, క్రాంక్ షాఫ్ట్ బేరింగును హుస్సేనీ ఆలంలోని మా వంటింట్లోకి తెచ్చాడు. నా స్టవ్ కోసం దాచిన రేషన్ కిరసనాయిలుతో దాన్ని కడిగి తుడిచాడు. నాతో రేడియో ఆపించి, బేరింగును చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని మెల్లగా తిప్పాడు. పెళ్లయ్యాక నా మాట ఒక్కటైనా అంత శ్రద్ధగా విన్నాడా! ఆ ఇనుప ముక్కను సవతిని చూసినట్టు చూశాను.

“పాపం, గరగర అంటుంది. మస్తు అరిగింది,” అన్నాడు.

“నా మోకాళ్లు గూడ గరగర అంటున్నయ్. ఎన్నడన్న చెవి పెట్టినవా?” అన్నాను.

“నువ్వు నడుస్తనే ఉన్నవ్ గద,” అన్నాడు, కళ్లు తెరవకుండానే.

అంటే ఆగిపోతేనే వింటాడన్నమాట. రేపు పొద్దున నేనూ స్టార్ట్ కాను. చాయ్ ఎవరు పెడతారో చూస్తాను. మీరైతే ఏం చేస్తారమ్మా?