ఓడరాళ్ళు

షాజాదీ మామగారు అడవిరేవులో పత్తి బేళ్ళు మోసినవాడు. నల్లరేగడి పత్తీ, మిరపకాయలూ పడవల మీద కాలువ దిగి అక్కడికొచ్చేవి. ఖాళీగా వచ్చే ఓడలు అడుగున బరువుకు రాళ్ళు వేసుకొచ్చి, వాటిని ఒడ్డున పారబోసి సరుకెక్కించుకునేవి. అంతా ఇసుకే అయిన ఊళ్ళో రాయంటే అదే. అందుకే మనిషి పోతే సరుగుడు తోపులో పూడ్చి, ఒక ఓడరాయి తెచ్చి తల దగ్గర పాతేవారు. పేరు చెక్కించే స్తోమత ఎవరికుంది? గోరీ అనడానికి నోరు రాక, "ఓడరాళ్ళ దగ్గరికి పోయొస్తాం" అనేవారు.

నది సముద్రంలో కలిసే మొగ ఇసుకతో మేటవేసింది. ఓడలు రావడం మానేశాయి. బేళ్ళు మోసిన కుటుంబాలు గుంటూరుకీ పర్చూరుకీ చెదిరిపోయాయి. రెండువేల ఆరులో పాత గిడ్డంగికి రంగులేసి రిసార్టు చేశారు. గేటు దగ్గర ఊరి చరిత్ర అని బోర్డు పెట్టారు. అందులో ఓడలున్నాయి, మోసినవాళ్ళ ఊసే లేదు. ఊళ్ళోనే మిగిలిన షాజాదీకి అక్కడే ఊడ్చే పని దొరికింది.

ఒకరోజు సూపర్‌వైజరు జక్రయ్య సరుగుడు తోపు వైపు చెయ్యి చూపించాడు. "ఆ రాళ్ళు ఎవరియ్యి, షాజాదమ్మా?"

"ఓడరాళ్ళండీ."

"అంటే ఓడలోళ్ళు పారేసినయ్యేగా?"

"అవునండీ, ఓడల్లో వచ్చినయ్యే," అంది, ఉన్నమాటే కదా అని.

పొదిలిలో కూతురి కాన్పు చూసుకుని తిరిగొచ్చేసరికి, గేటు నుంచి ఈతకొలను దాకా కొత్తగా రాళ్ళబాట. ఎక్కడివో అని అనుమానం వచ్చింది. అడిగితే పనిలోంచి తీసేస్తారేమోనని నోరు మూసుకుని ఊడ్చింది. అంతలో ట్రాక్టరు మళ్ళీ తోపులోకి దిగింది. చీపురుతోనే పరిగెత్తింది. గునపం ఆమె భర్త పీరు తలాపున ఉన్న రాయి కిందికి పోతోంది.

"ఆపండయ్యా! అది మా ఆయన గోరీ!"

కూలీ బెదిరి వెనక్కి గెంతాడు. జక్రయ్య మొహం పాలిపోయింది.

"గోరీనా? ఆ మాట ఆరోజే చెప్పొద్దా తల్లీ! ఓడరాళ్ళంటివే!"

"మేం అట్నే అంటామండీ..."

"దాన్ని వదిలెయ్యండ్రా," అని కూలీలకు చెప్పి, గొంతు తగ్గించాడు. "మిగతాయ్యి పరిచేశాంగదమ్మా."

మర్నాడు ఏ రాయి ఎవరిదో తెలియక, బాట మీద కాలు పెట్టలేక, పక్కన ఇసుకలోంచే వంగి ఊడుస్తోంది. చెప్పుల కాళ్ళతో అతిథులు నవ్వుకుంటూ బాట మీద పోతున్నారు.

"ఇసుకలో నడుస్తావేం? పైకెక్కి ఊడువు!" మేనేజరు కేకేశాడు.

షాజాదీ ఎక్కలేదు. చీపురుతో బాటలోని రాళ్ళని చూపించింది.

"ముందు ఈళ్ళని లేపి తోపుకి పంపండయ్యా. అప్పుడు ఊడుస్తా."