ముఖ్య అతిథి మాట్లాడుతుండగా పొద్దు పోయింది

పోయిన నెల మా భూపాలపల్లి కబడ్డీ టీంను సెమీఫైనల్‌కు పోకుండా ఎవరు ఆపారో మీకు తెలుసా? అవతలి టీం వాళ్లు కాదు. రెఫరీ కాదు. మా ఓనర్ కూడా కాదు. ఆయన ఏడాదంతా ఎంత కష్టపడ్డా ఆయన వల్ల కాలేదు. ఆ పని నేను చేశాను. మెడలో దండ వేసుకొని, శాలువా కప్పుకొని, మైకు పట్టుకొని మరీ చేశాను. చాయ్ చల్లారేలోపు చెప్పేస్తాను, వినండి.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. బొగ్గు గని గేటు దగ్గర మస్టర్ రాస్తాను. అంటే, ఎవరు ఎన్ని గంటలకు డ్యూటీకి వచ్చారో రిజిస్టర్‌లో ఎక్కించే పని. నా చదువు పదో తరగతి దగ్గరే ఆగింది. కానీ ముప్ఫై ఏళ్ల నౌకరిలో ఒక్క రోజు లేటు లేదు. పొద్దున నాలుగింటికి లేస్తాను. చన్నీళ్ల స్నానం. బీడీ లేదు, గుట్కా లేదు, మందు లేదు. ఉన్న ఒకే ఒక్క వ్యసనం కబడ్డీ. దీనికంటే బీడీ అలవాటే నయమని మా ఆవిడ లక్ష్మి అభిప్రాయం. బీడీ తాగేవాళ్లు కనీసం తాగేటప్పుడైనా మాట్లాడరట.

ఆటగాళ్లకు జీతాలిచ్చి ఆడించే జిల్లాల కబడ్డీ లీగు ఒకటి మొదలైనప్పుడు, మా జిల్లా టీంను ఒక కాంట్రాక్టర్ కొన్నాడు. ఆ రోజు మా క్వార్టర్స్‌లో మిఠాయి పంచింది నేనే. ఆ మిఠాయి రుచి నోట్లో ఉండగానే కష్టాలు మొదలయ్యాయి. ఆరు మ్యాచ్‌లలో నలుగురు కెప్టెన్లు మారారు. మా రైడర్ రవీందర్ కొడకండ్ల పిల్లవాడు, జింక లాంటి మనిషి. ఆయన్ను బెంచీ మీద కూర్చోబెట్టి ఓనర్ మేనల్లుడిని రైడ్‌కు పంపారు. ఆ మేనల్లుడు ఒకసారి రైడ్‌కు పోయి దమ్ము చాలక, అవతలి కోర్టులోనే నిలబడి మంచినీళ్లు అడిగాడు. జెర్సీలు అందరికీ ఒకే సైజువి తెచ్చారు. డిఫెండర్లకు బొడ్డు కనపడుతుంది, రైడర్లకు మోకాళ్లు కనపడవు.

వీటన్నిటినీ మించింది ఇంకోటుంది. ఓనర్‌కు జనగామలో ఫంక్షన్ హాలు ఉంది. అందుకని మా ‘సొంత గ్రౌండు’ను దాని పక్కన ఖాళీ జాగాకు మార్చాడు. భూపాలపల్లి టీం సొంతూరి మ్యాచ్ చూడాలంటే భూపాలపల్లి వాళ్లం మూడు గంటలు ప్రయాణం చేసి జనగామ పోవాలి. ఇంత అన్యాయం ఎక్కడన్నా ఉందా?

అక్కడ కూడా ఆట చెప్పిన టైంకు మొదలుకాదు. అతిథులు రావాలి. దీపం వెలిగించాలి. ఒక్కొక్కరికి దండ, శాలువా, ఫొటో. తర్వాత ఒక్కొక్కరూ మాట్లాడాలి. ఒళ్లు వేడి చేసుకున్న ఆటగాళ్లు వరుసలో నిలబడి నిలబడి చల్లబడిపోతారు. టైం రాసే ఉద్యోగం చేసేవాడిని, నాకు ఇది చూస్తే కడుపు మండేది. ప్రతి సోమవారం టీం మేనేజర్‌కు ఒక ఉత్తరం రాశాను. తొమ్మిది ఉత్తరాలకు ఒక్క జవాబు లేదు. పదోదాంట్లో, ఈ ఆదివారం నేనే వస్తున్నానని, ఓనర్ ఎదుట నా ఫిర్యాదులు చెప్పుకోవడానికి కాసేపు అవకాశం ఇవ్వాలని రాసి పోస్టు చేశాను.

ఆ ఆదివారం లీగులో మా ఆఖరి మ్యాచ్. అవతల మానుకోట, అంటే మహబూబాబాద్ టీం. మేము గెలిస్తే సెమీఫైనల్. సమానమైనా సరే మానుకోట పోతుంది, మేము ఇంటికొస్తాం. అందుకని పన్నెండు మందిమి ఒక తుఫాన్ బండి మాట్లాడుకొని బయల్దేరాం. నా పక్కన డంపర్ నడిపే బాలు నాయక్ కూర్చున్నాడు. వాళ్ల తండా డోర్నకల్ దగ్గర. బావమరుదులంతా మానుకోట పక్షమే. ఓడిపోతే పండుగకు తండాకు కూడా పోలేనని దారి పొడుగునా మొత్తుకున్నాడు. అందరూ టీం రంగు నారింజ చొక్కాలు తొడుక్కున్నారు. నన్నూ తొడుక్కోమన్నారు. ఫిర్యాదు చెప్పడానికి పోయే మనిషి మర్యాదగా ఉండాలని నేను తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి వేసుకున్నాను. నా పతనం ఆ ఇస్త్రీతోనే మొదలైంది.

మ్యాచ్ నాలుగింటికి. మేము మూడున్నరకే గేటు దగ్గర ఉన్నాం. నల్లద్దాలు పెట్టుకొని, రెండు చెవులకు రెండు ఫోన్లు ఆనించుకొని మేనేజర్ అటూ ఇటూ తిరుగుతున్నాడు. నన్ను చూడగానే రెండు ఫోన్లూ దించాడు.

“అన్నా, భూపాలపల్లి నుంచేనా?”

అవునన్నాను.

“పొద్దటి సంది మీ కోసమే చూస్తున్నం. రాండ్రి, లోపలికి రాండ్రి.”

నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. చూశారా, ఉత్తరానికి ఉన్న బలం అది. వెనక్కి తిరిగి మా వాళ్ల వైపు ఒక చూపు చూశాను. బాలు మాత్రం నా చెవి దగ్గరకొచ్చి గొణిగాడు.

“అన్నా, జర చూసుకో. గీళ్లు ఉత్తరాలు చదివేటోళ్ల తీరు కనవడ్తలేరు.”

చదువుకున్నవాడివి కాదు నీకేం తెలుసు అన్నాను. నిజానికి బాలు డిగ్రీ చదివాడు.

వేదిక మీద టవల్ కప్పిన కుర్చీలో కూర్చోబెట్టారు. కొబ్బరినీళ్లు ఇచ్చారు. చొక్కాకు రిబ్బన్ బ్యాడ్జీ పెట్టారు. పక్క కుర్చీలో ఓనర్ కూర్చున్నాడు, లేచి నాకు నమస్కారం కూడా పెట్టాడు. ఫిర్యాదు చేసేవాడికి ఇంత మర్యాద చేస్తున్నారంటే వీళ్లు మారిపోయారు, పాపం వీళ్లను అనవసరంగా తిట్టుకున్నాను అనుకున్నాను. నాలుగు దాటింది. నాలుగూ ఇరవై. ఇంకా ఎవరెవరో రావాలన్నారు. నాలుగున్నరకు నా మెడలో దండ పడింది. తర్వాత శాలువా. శాలువా దగ్గర నాకు కొంచెం అనుమానం వచ్చిన మాట నిజం.

అప్పుడు మైకులో ఒకాయన గొంతు సవరించుకొని, ముఖ్య అతిథి గారు రాలేకపోయారని, కానీ వారి తరఫున గనుల ప్రాంతం నుంచి యువజన నాయకులు విచ్చేశారని, వారిని రెండు మాటలు మాట్లాడవలసిందిగా కోరుతున్నామని ప్రకటించాడు. అందరూ నా వైపే చూశారు. నాకు యాభై నాలుగేళ్లు. ఏ కోణంలో చూసినా యువజనుడిని కాను. విషయం అప్పుడు అర్థమైంది. నా ఉత్తరం ఎవరూ చదవలేదు. వీళ్లు ఎదురు చూసిన మనిషి ఇంకెవరో.

‘నేను ఆయన కాదు’ అంటే అయిపోయేది. మూడు మాటలు. కానీ అప్పటికే మైకు నా చేతిలోకి వచ్చింది. ఓనర్ నా పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాడు. నేను అబద్ధం ఆడలేదు. నిజమూ చెప్పలేదు. ఆ రెంటికీ మధ్య ఇరుకు సందు ఒకటి ఉంటుంది. ఊరందరికీ నీతులు చెప్పే నేను ఆ సందులో దూరాను.

మొదట్లో అద్భుతంగా నడిచింది. నాలుగింటికి అని పోస్టర్ వేసి నాలుగూ నలభై చేశారేమిటి అన్నాను. జనం చప్పట్లు. ఆటగాళ్లను నిలబెట్టి మనం శాలువాలు కప్పుకోవడం ఏం పద్ధతి అని, కప్పుకున్న శాలువాతోనే అడిగాను. ఈలలు. ఆడేటోణ్ని ఆడనియ్యాలె, చుట్టాన్ని కాదు అన్నాను. నాతో వచ్చిన నారింజ చొక్కాల పదకొండు మందీ లేచి చిందులేశారు. ఓనర్ పళ్లు కనపడేలా నవ్వుతూనే ఉన్నాడు. అతిథిని ఆపలేడు కదా.

అక్కడ ఆపి ఉంటే నన్ను భుజాల మీద మోసేవాళ్లు. కానీ నా జేబులో పదకొండు అంశాల కాగితం ఉంది. ఆరో అంశం దగ్గర క్రీడాకారులకు గుట్కా ఎంత ప్రమాదమో గుర్తొచ్చింది. అది కాగితంలో లేదు, అయినా చెప్పాను. అక్కణ్నుంచి పొద్దున నాలుగింటికి లేవడం, అక్కణ్నుంచి చన్నీళ్ల స్నానం, ముందు పాదాలు తడపాలా తల తడపాలా అనే విషయం. ఈలలు ఎక్కువయ్యాయి. జనానికి చన్నీళ్ల మీద ఇంత ఆసక్తి ఉందని నాకు ఇంతకుముందు తెలియదు. దూరం నుంచి బాలు చేతి గడియారం పైకెత్తి చూపిస్తున్నాడు. అదిగో, టైం విలువ తెలిసిన మనిషి అక్కడ నిలబడ్డాడు, ఆయన్ను చూసి నేర్చుకోండి అని మైకులోనే మెచ్చుకున్నాను. బాలు తల పట్టుకొని కూర్చున్నాడు. వరుసలో నిలబడి ఒళ్లు చల్లబడకుండా ఎగురుతున్న రవీందర్ కూడా చివరికి మ్యాట్ మీద కూలబడ్డాడు. ఆటగాడికి ఓపిక ఉండాలని ఆయనకూ ఒక మాట చెప్పాను.

మొత్తానికి పదకొండు అంశాలూ పూర్తిచేసి కూర్చున్నాను. ఆట మొదలైంది.

ఏం ఆడారండీ మా వాళ్లు ఆ రోజు! నా మాటలకు భయపడో ఏమో, మేనల్లుడిని పక్కన పెట్టి రవీందర్‌ను పంపారు. పోయిన ప్రతిసారీ ఒకరిని తాకి వచ్చాడు. సగం ఆట అయ్యేసరికి తొమ్మిది పాయింట్లు పైన ఉన్నాం. నేను కుర్చీలో వెనక్కి వాలి, ఒక్క ఉపన్యాసంతో టీంనే మార్చేశాననుకున్నాను.

రెండో సగంలో రెఫరీ ఒకసారి వంగి గీత కోసం వెతికాడు. ఇంకోసారి మోకాళ్ల మీద కూర్చొని వెతికాడు. చలికాలం పొద్దు, దిగిపోయింది. పోస్టర్ మీద ఫ్లడ్‌లైట్ల బొమ్మ ఉంది. గ్రౌండులో స్తంభాలు కూడా ఉన్నాయి. జనరేటర్ మాత్రం దారిలో ఉందన్నారు. నాలుగింటి ఆటకు లైట్లెందుకని ఎవరూ పట్టించుకోలేదట. మేనేజర్ రెండు కార్లు తెచ్చి హెడ్‌లైట్లు వేయించాడు. దాంతో మనుషుల కంటే నీడలు పెద్దవయ్యాయి. మానుకోట రైడర్ వస్తే మా కార్నర్ డిఫెండర్ దూకి ఆయన నీడ కాలు పట్టుకున్నాడు. రెఫరీ ఇక లాభం లేదని విజిల్ ఊదేశాడు. ఇంకా ఎనిమిది నిమిషాల ఆట ఉంది. మధ్యలో ఆగిన మ్యాచ్‌కు రెండు టీంలకూ సమానంగా పాయింట్లు. అది లీగు రూలు.

మానుకోట సెమీఫైనల్‌కు పోయింది. మేము తొమ్మిది పాయింట్లు పైన ఉండి ఇంటికి.

నేను శాలువా మడిచి చంకలో పెట్టుకొని మెల్లగా దిగుతుంటే, జీన్స్ ప్యాంటు వేసుకున్న ఒక పిల్లగాడు వచ్చి చెయ్యి కలిపాడు. అసలు యువజన నాయకుడు ఆయనే. యువజన నాయకుడు ముందే వచ్చిండని గేటు దగ్గర ఆపేశారట. నేను క్షమించమని అడిగాను. ఆయన నవ్వాడు.

“అయ్యో, నాకే మంచిగైంది బాపు. నేనైతే ఆటగాళ్లతోని చేతులు కలిపి ఉరుకుదామనుకున్న. పెండ్లికి పోయేదుండె.”

అంటే నేను సరైన మనిషిని వేదిక ఎక్కనిచ్చి ఉంటే, ఆట అప్పుడే మొదలై వెలుతురులోనే ముగిసేది.

అంతకంటే ఘోరం అటు పక్కన జరుగుతోంది. ఓనర్ చుట్టూ విలేకరులు నిలబడ్డారు. మా ఏర్పాట్లల్ల ఒక్క లోపం లేదని, అతిథి గారి ఉపన్యాసమే జర లంబా అయిందని ఆయన చెబుతున్నాడు. నలుగురు కెప్టెన్లు, మేనల్లుడు, జెర్సీలు, జనరేటర్, ఏడాదంతా చేసిన ఘనకార్యాలన్నీ ఒక్క నిమిషంలో నా మీదకు వచ్చాయి. తొమ్మిది వారాలు రాసిన ఫిర్యాదులకు జవాబు నేనే అయ్యాను.

తిరుగు ప్రయాణంలో బండిలో ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. హనుమకొండ దాటినాక బాలుకు తండా నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ల భాషలో కాసేపు నవ్వులు వినపడ్డాయి. బాలు మొహం గంటు పెట్టుకొని ఫోన్ నా చేతికిచ్చాడు. అవతల ఆయన బావమరిది తెలుగులో, ఎంతో భక్తిగా, మానుకోట తరఫున మీకు దండం అన్నా అన్నాడు. సెమీఫైనల్‌కు కూడా వచ్చి మాట్లాడమన్నాడు.

ఇంట్లో శాలువా చూసి లక్ష్మి సంతోషపడింది. జరిగింది దాచకుండా చెప్పాను. అంతా విని ఒక్కటే అన్నది.

“ముప్పై ఏండ్ల సంది నేనింటున్న. ఆళ్లు ఒక్కపూట ఇనలేకపోయిన్రా?”

నాలుగు రోజుల తర్వాత గని క్యాంటీన్‌లో మా వాళ్లంతా కూర్చొని లీగు పెద్దలకు అర్జీ రాశారు. పూర్తయినాక బాలు తెచ్చి నా ముందు పెట్టి, తిట్టుకోకుండా చదవమన్నాడు. మొదటి అంశం: ఇకపై ఆటకు ముందు ఎవరికీ మైకు ఇవ్వరాదు. దాని కింద ఉదాహరణగా నా ఉపన్యాసం. సుమారు అరగంట పాటు ప్రసంగించి ఆట చెడగొట్టారు అని రాశారు. నా మీద గౌరవంతో పేరు రాయలేదు.

రెండుసార్లు చదివాను. అందరూ నా మొహమే చూస్తున్నారు. జేబులో నుంచి పెన్ను తీశాను. పై అధికారులకు పోయే కాగితంలో ‘సుమారు’ అనే మాట ఉండకూడదు. ‘సుమారు అరగంట’ కొట్టేసి, పైన ‘నలభై ఒక్క నిమిషాలు’ అని రాశాను. పక్కన నా పేరు రాసి, అందరికంటే ముందు సంతకం పెట్టాను.