విసుర్రాయి కింద ముప్పై మొక్కలు

నా చిన్నప్పుడు మా పక్కింటి అక్క అనంతపురంలో బి.ఎస్.సి. చదివేది. బెళుగుప్ప దగ్గర మా పల్లెలో ఆ చదువు చదివినవాళ్ళు అప్పటికి ఇంకెవరూ లేరు. కాబట్టి అది ఎంత కష్టమని ఆమె చెప్పినా కాదనేవాళ్ళూ లేరు. తెల్లవారి బస్సుకు పోయి దీపాలు పెట్టే వేళకు వచ్చేది. నాకు పదేళ్ళు. ఆమె కాలేజీ కబుర్లు వినేంత తీరిక వీధిలో నాకొక్కదానికే ఉండేది.

బి.ఎస్.సి.లో చేరడం కంటే అందులో నిలబడడం కష్టమని ఆమె చెప్పేది. హాజరు తగ్గకూడదు. రికార్డు మీద లెక్చరర్ సంతకం ఉండాలి. సంతకం లేకపోతే ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరు. ప్రాక్టికల్ లేకపోతే రెండో ఏడు బి.ఎస్.సి.లో ఉంచరు. ఈ నిబంధనలు కాలేజీ నోటీసు బోర్డులో నిండు పేజీ ఉండేవట. వాళ్ళ నాయన నిబంధన మాత్రం ఒక్క ముక్క. "తప్పితే ఇంటికాడ ఉండు."

బోటనీ వాళ్ళు వీటన్నిటితోపాటు హెర్బేరియం కూడా ఇవ్వాలి. అంటే ముప్పై రకాల మొక్కలు వేళ్ళతో సహా పీకి, పాత పేపర్ల మధ్య అదిమి ఆరబెట్టి, అట్టలకు కుట్టి, కింద పేర్లు రాయాలి. ఆ ఏడు వాన పడలేదు. మా జిల్లాలో ఈ మాట ఏ ఏటి గురించి చెప్పినా పెద్దగా తప్పు కాదు గానీ, ఆ ఏడు మేకలు కూడా ఆశ వదులుకున్నట్టు కనిపించేవి. పచ్చగా మిగిలినవి, తమ నీళ్ళు తమలోనే దాచుకునే నల్లేరు, కలబంద, జెముళ్ళ వంటివే. వాటికి తోడు తంగేడు, వెంపలి, ఉత్తరేణి. ఆదివారాలు నేనూ అక్కా గుట్టలన్నీ తిరిగి ఎలాగో ముప్పై పూర్తి చేశాం. కండ ఉన్నవాటిని ఆమె నిలువునా చీల్చింది. అన్నిటినీ పేపర్లలో పరిచి, పైన ఒక చెక్క వేసి, దాని మీద వాళ్ళ అవ్వ కాలంనాటి విసుర్రాయి ఎత్తింది.

ఆ పేపర్లు రోజూ మార్చాలి. చెమ్మ పీల్చినవాటిని తీసి ఎండలో వేసి, పొడివి పెట్టాలి. మధ్యాహ్నం అక్క కాలేజీలో, వాళ్ళమ్మా నాయనా చేలో ఉంటారు. బడి నుంచి అన్నానికి వచ్చేది నేనే కాబట్టి ఆ పని నాకు అప్పగించింది. నాలుగు రోజులు శ్రద్ధగా చేశాను. అయిదో రోజు అచ్చనగాయల ఆట మంచి పట్టులో ఉంది.

నాకూ ఒక వాదన ఉండేది. మా ఊళ్ళో రెండో గుడ్డ ఆరేసేలోపు మొదటిది ఎండిపోతుంది. కుండలో నీళ్ళు వాటంతట అవే తగ్గిపోతాయి. అలాంటి ఊళ్ళో పుట్టినదానికి, ఏదైనా కుళ్ళుతుందంటే నమ్మకం కుదరదు. రొట్టెకు బూజు పడుతుందని సైన్సు పుస్తకంలో ఉంటే, అది కోస్తా పిల్లల కోసం రాశారనుకున్నాను. అయినా ముందుజాగ్రత్తగా పైన రెండు పేపర్లు మాత్రం మార్చేదాన్ని. అక్క రాగానే పైదే ఎత్తి చూస్తుందని కనిపెట్టాను మరి.

"ఏం పాపా, మార్చినావా?"

"మార్చినాక్కా."

"అన్నీ?"

"అన్నీ."

ఇలా రెండు వారాలు గడిచాయి. హెర్బేరియం ఇవ్వాల్సిన ముందురోజు సాయంత్రం అక్క రాయి దించింది. మొక్కల కంటే ముందు వాసన వచ్చింది. నల్లేరూ జెముళ్ళూ నల్లటి రసమైపోయి, చుట్టుపక్కల పేపర్లన్నీ తడిపి, మిగతావాటిని కూడా తమతో తీసుకుపోయాయి. ముప్పైలో తొమ్మిదింటికి మాత్రమే పేరు పెట్టగలిగేలా ఉంది.

"రోజూ మార్చినా కూడా ఇట్లెందుకైనాదే?" అంది, నన్ను కాదు, ఆ పేపర్లను అడుగుతున్నట్టు.

"ఎండ చాల్లేదేమో అక్కా," అన్నాను. అనంతపురం జిల్లాలో ఎండ చాలలేదని చెప్పిన మొదటి మనిషిని బహుశా నేనే. ఆమె అదీ నమ్మింది.

ఉన్నవాటినే రాత్రికి రాత్రి అట్టలకు కుట్టి, మరునాడు నన్నూ బస్సెక్కించింది. "మార్చినదానివి నువ్వే కదా. సారు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు, చాలు," అంది. బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చింది.

లెక్చరర్ గారు ఒక్కో అట్ట కొసను పట్టుకుని ఎత్తి, దించి, వేళ్ళు తుడుచుకున్నారు. "ఏమ్మా, పేపర్లు మార్చలేదా?"

"రోజూ మార్చినాం సార్."

"మార్చింటే ఇట్ల కావు. మార్చలేదని చెప్పు, వారం టైమిస్తా, మళ్ళా ఏరుకొని రా. ఈ రికార్డు పోతే నీ బి.ఎస్.సి. పోతాదని తెలుసు కదా. అబద్ధం చెప్తే మాత్రం నా సంతకం దొరకదు."

"అబద్ధం కాదు సార్. ఈ పాపనడగండి. రోజూ మధ్యాహ్నం ఈమే మార్చింది."

ఆయన నా వైపు తిరిగారు. "ఏం పాపా? మార్చినావా?"

లాబొరేటరీ నేల మీద ఎప్పుడో యాసిడ్ ఒలికిన మరక ఒకటి ఉంది. దాని ఆకారం ఇప్పుడు గీయమన్నా గీయగలను. అక్క వంగి నా ముఖంలోకి చూసింది. నేను తలెత్తలేదు. ఆమె మెల్లగా నిటారుగా నిలబడింది.

"నేనే సార్. నేనే మార్చలేదు. అబద్ధం చెప్పినా."

అప్పుడు ఆ వారం గడువు దొరుకుతుందనే నేను అనుకున్నాను. ఆయన మాత్రం అట్టలన్నీ పోగేసి ఆమె వైపు నెట్టారు. "మార్చకపోతే మార్చకపోయినావు. చిన్నపిల్లకు అబద్ధం నేర్పించి సాక్ష్యానికి పిలుచుకొస్తావామ్మా?"

ఆమె అట్టలు ఒక్కొక్కటే సర్దుకుంది. నాకు మాటలకెప్పుడూ కొరత లేదు, వీధిలో అందరికీ తెలుసు. ఆ గదిలో ఒక్క మాట సరిపోయేది. అది నా నోటి నుంచి రాలేదు.

తిరుగు ప్రయాణంలోనూ కిటికీ పక్క సీటు నాకే ఇచ్చింది. చాలా దూరం వచ్చాక, "నేను కూడా పైదొకటే ఎత్తి చూసినా లేవే," అంది. నేను నిద్రపోతున్నట్టు నటించాను. ఆ పక్షం రోజుల్లో నేను ఆడిన అబద్ధాలన్నిటిలో అదే చిన్నది.

సంతకం లేదు, ప్రాక్టికల్ లేదు. రెండో ఏడు బి.ఎస్.సి. జాబితాలో ఆమె పేరు లేదు. వాళ్ళ నాయన మాట మీద నిలబడే మనిషి, నిలబడ్డాడు. రికార్డు సరిగ్గా కుదరలేదని మాత్రమే ఆమె ఇంట్లో చెప్పింది. "బస్సెక్కి తిరిగేదానికే సరిపాయె, ఇంక చదువు యాడ సాగుతాది," అని మా అమ్మ నా ముందే అంటుంటే, నేను తలవంచుకుని సంగటి తిన్నాను. రెండో ముద్ద కూడా వేయించుకున్నాను.

కొన్నేళ్ళకు అక్క ఇంట్లో ఉంటూనే ప్రైవేటుగా బి.ఏ. కట్టింది. గోరంట్ల వైపు బడిలో సోషల్ టీచరైంది. మంచి టీచరని అందరూ అంటారు. బోటనీ చదివింది నేను. నాకు ఉద్యోగం వచ్చాక, ఆ రోజు సంగతి చెప్పాలని ఒకసారి పనిగట్టుకుని ఆమె ఇంటికి పోయాను. "అక్కా, అప్పుడు ఆ పేపర్లు..." అని మొదలుపెట్టగానే, "తెలుసులేవే. కాఫీ చల్లారిపోతాది, తాగు," అంది. తాగి వచ్చేశాను.

ఇప్పుడు నేనే ఒక కాలేజీలో, ఏ పిల్లలు ఏ కోర్సులో కొనసాగాలో తేల్చే కమిటీలో కూర్చుంటాను. హాజరు చాలనివాళ్ళు, క్రెడిట్లు చాలనివాళ్ళు, ప్రాజెక్టు ఇవ్వనివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఎదుట నిలబడతారు. అబద్ధాన్ని త్వరగా పట్టుకుంటానని నాకు పేరు. ఆ విద్యలో నా అనుభవం ఎంత పాతదో కమిటీకి తెలియదు. అయితే పట్టుకున్నాక, కోర్సు నుంచి తీసేసే కాగితం మీద వెంటనే సంతకం పెట్టను. "ఇది నువ్వు కళ్ళతో చూసిందా, నీకు ఎవరన్నా చెప్పిందా?" అని అడుగుతాను. చాలామంది ఎవరి అబద్ధం వాళ్ళే చెబుతారు, దానికి చేయగలిగిందేమీ లేదు. ఎప్పుడో ఒక పిల్ల మాత్రం బిత్తరపోయి, వెంట వచ్చిన స్నేహితురాలి వైపు తిరుగుతుంది. ఆ స్నేహితురాలు నేల చూస్తుంది.

మిగతావాళ్ళంతా మొదటి పిల్లనే చూస్తుంటారు. నేను పెన్ను మూతపెట్టి, రెండో పిల్ల నోరు తెరిచేదాకా ఆగుతాను. టైమవుతోంది మేడమ్ అంటారు. అవుతుందని నాకూ తెలుసు. నాకైతే నోరు తెరవడానికి ఇంతకాలం పట్టింది.