తప్పు కావద్దనే ప్రార్థన

మొన్న ఆదివారం ఆరాధన ముగిసి, అందరూ మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటూ పలకరింపుల్లో పడి ఉండగా, మా మేనకోడలు నన్ను చెయ్యి పట్టుకుని గోడ పక్కకు తీసుకుపోయింది. కరీంనగర్‌లో ఒక ఆసుపత్రిలో చాలా ఏళ్లుగా నర్సుగా పనిచేస్తున్న ఆ పిల్లను ఇప్పుడు మొత్తం వార్డుకే పెద్దను చేశారట. ఆ మాట చెబుతున్నప్పుడు ముఖంలో సంతోషం కన్నా కంగారే ఎక్కువ కనిపించింది. “నా చేతులల్ల ఏ తప్పూ జరగొద్దని ప్రార్థన చెయ్యి మామా” అన్నది. సరేనని తల మీద చెయ్యి పెట్టాను గానీ, ఆ మాట నాకు కొత్త కాదు. ఎందుకంటే ఒకప్పుడు మందమర్రి బొగ్గుబావిలో సర్దార్‌గా ఉన్నప్పుడు నేను రోజూ చేసుకున్న ప్రార్థన అదే.

మా బాపు ధర్మపురి దగ్గరి పల్లె నుంచి బావిపనికి వచ్చి మందమర్రిలో స్థిరపడ్డాడు. కాలనీలో మా వరుస ఇళ్లలో ఒక్కో ఇంటిది ఒక్కో ఊరు, ఒక్కో యాస. సైరన్ మోగితే మాత్రం అందరి ఇళ్లలో గిన్నెలు ఒకేసారి చప్పుడు చేసేవి. మా చర్చి అప్పటికి పెంకుల కప్పు వేసిన ఒక్క గది. చాపల మీద మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు కూర్చునేవాళ్లం. బాపు, ఆయన తోటివాళ్లు ఎంత తోముకున్నా చెవుల మడతల్లో బొగ్గు పోయేది కాదు. ఆదివారం నాడు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాల మీద ఆ నల్లటి చెవులు వరుసగా కనిపించడం నాకు పాటల కన్నా ఎక్కువ గుర్తు. బొగ్గుపొయ్యిల పొగలో పెరిగిన నా ఈడువాళ్లకు ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉండే ఉంటుంది.

బాపు తర్వాత నేనూ బావిలో దిగాను. కొన్నేళ్లకు పరీక్ష రాసి సర్దార్‌నయ్యాను. సర్దార్ అంటే పెద్ద ఆఫీసరేమీ కాదు, ఆయన మీద ఓవర్‌మన్, ఆ పైన మేనేజర్ ఉంటారు. కానీ మనుషులు లోపలికి పోకముందే పోయి, కర్రతో పైకప్పును తట్టి చూసి, పని చేయవచ్చా లేదా అని తేల్చేది ఆయనే. కప్పు ఖంగుమంటే మంచిది, డొల్లగా మోగితే ప్రమాదం. అనుమానం వస్తే అడ్డకర్ర కట్టి ఎవరినీ పోనివ్వకూడదు. నా కింద పనిచేసేవాళ్లలో మా అక్క భర్త, అంటే ఇప్పుడు నేను చెప్పిన మేనకోడలి తండ్రి, మా బావ కూడా ఉండేవాడు. క్రిస్మస్‌కు తప్ప చర్చి ముఖం చూడని మనిషి, నవ్వించడంలో మాత్రం కాలనీలో ఆయన్ను మించినవాడు లేడు.

సర్దార్‌నైన కొత్తలో ఒకనాడు కప్పు డొల్లగా మోగినట్టు అనిపించి అందరినీ బయటికి పంపించాను. పెద్దలు వచ్చి చూశారు, తట్టారు, గొణుక్కున్నారు. కప్పు చెక్కుచెదరలేదు. ఆ షిఫ్టులో తీయాల్సిన బొగ్గు మాత్రం పోయింది. మర్నాటికి టీకొట్టు దగ్గర మా బావ నాకు ‘ప్రార్థన సర్దార్’ అని పేరు పెట్టేశాడు. ఎవరైనా చెయ్యి దులిపినా, దగ్గినా, “జర ఆగుండ్రి, సర్దార్ సాబ్ ప్రార్థన చేసి చెప్తడు” అనేవాడు. బావామరదుల సరసమే అది, అందులో విషం లేదు. కానీ నాకు అది లోపలికి దిగింది.

అప్పటి నుంచి నాకు కప్పు భయం పోయి ఇంకో భయం పట్టుకుంది. విన్న చప్పుడునే మళ్లీ మళ్లీ వినేవాణ్ణి. ఓవర్‌మన్ వచ్చి సరేనంటే తప్ప నా నోట సరే అనే మాట రాని స్థితికి వచ్చాను. రోజూ దిగేముందు “ప్రభువా, ఈ రోజు నా వల్ల తప్పు కానివ్వకు” అని కళ్లు మూసుకునేవాణ్ణి. చివరికి ఈ సర్దార్ పని నాకు వద్దు, మామూలు పనికే తిరిగిపోతానని ఇంట్లో చెప్పాను.

మా అమ్మ, మేం అవ్వ అని పిలిచేవాళ్లం, మర్నాడు తెల్లవారుజామున నాకు సద్ది కడుతూ, నేను గోడవైపు తిరిగి చేసుకుంటున్న ప్రార్థన విన్నట్టుంది. చదువు లేని మనిషి, వాక్యమంతా చెవితో విని నేర్చుకున్నదే. టిఫిన్ మూత బిగిస్తూ, నా వైపు చూడకుండానే అన్నది.

“రోజూ నీ పేరు కోసమే అడుగుతున్నవ్ కొడుకా. వాళ్ల పానం కోసం అడుగుతలేవు.”

నాకు కోపం వచ్చింది. బావిలో దిగని మనిషికి ఏం తెలుస్తుందని విసుక్కుంటూ సైకిలెక్కాను. కానీ దారి పొడుగునా ఆ మాట నన్ను వదల్లేదు. అవ్వ బావిలో ఎన్నడూ దిగలేదు, నిజమే. కానీ బాపు బావిలో ఉన్నంతకాలం ప్రతి సైరన్‌కూ వాకిట్లోకి వచ్చి నిలబడింది ఆమే కదా. తప్పు కావద్దని అడగడం వేరు, మనుషులు క్షేమంగా ఇల్లు చేరాలని అడగడం వేరు. రెండూ ఒకటే అనుకుని ఇన్నాళ్లూ నేను మొదటిదే అడిగాను. సర్దార్ పని మానే ఆలోచన అక్కడే ఆగిపోయింది.

ఆ తర్వాత కొన్ని వారాలకు, పొద్దుటి షిఫ్టులో, పని జోరుగా సాగుతుండగా కప్పుకు ఊతంగా నిలబెట్టిన ఒక దుంగ కిర్రుమన్నది. పైనుంచి చిన్న చిన్న రాళ్లు రాలి ఆగిపోయాయి. కర్రతో తట్టాను. ఒకచోట ఖంగుమంది, ఇంకోచోట ఎటూ తేలని చప్పుడు వచ్చింది. నిజం చెప్పాలంటే అది మొదటిసారి విన్నంత డొల్లగా కూడా లేదు. కళ్లు మూసుకుని ప్రార్థించాను. ఏ స్వరమూ వినిపించలేదు, ఏ ధైర్యమూ దిగిరాలేదు. కళ్లు తెరిస్తే ఎదురుగా మా బావ, టోపీ దీపం వెలుతురులో చెమటతో మెరుస్తూ, పార పట్టుకుని నన్నే చూస్తున్నాడు. మా అక్క ఆనాడు నిండు చూలాలు.

అందరూ బయటికి నడవండని కేక వేశాను. కొందరు గొణిగారు. కబురు అంది ఓవర్‌మన్ గబగబా వచ్చాడు. చెడ్డవాడు కాదు, నా మేలు కోరేవాడే.

“పోయినసారి సంగతి యాది లేదా? మల్ల నవ్వులపాలైతవ్” అన్నాడు.

“యాదుంది సార్. అయినా మనుషులను లోపల ఉంచ.”

“రేపు మేనేజర్ ముందల నువ్వే నిలవడాలె మరి.”

“నిలవడ్త సార్.”

బయటికి నడుస్తున్నప్పుడు బావ నా పక్కకు వచ్చి, అలవాటుగా మొదలుపెట్టాడు. “ఏం బామ్మర్దీ, నీ యేసయ్య చెప్పిండా ఏంది, కప్పు కూలుతదని?”

“ఏం చెప్పలే బావా. నాకే నమ్మకం కుదుర్తలేదు. నువ్వైతే నడువు” అన్నాను. ఎందుకో ఆయన మళ్లీ నవ్వలేదు.

కప్పు కూలలేదు. పెద్దలు చూసిపోయారు, ముందుజాగ్రత్తకు ఇంకొన్ని దుంగలు నిలబెట్టించారు, తర్వాతి షిఫ్టు యథాప్రకారం దిగింది. మర్నాడు మేనేజర్ ఎదుట నిలబడి, విన్నది విన్నట్టు చెప్పాను. ఆయన విని, పొమ్మని చెయ్యి ఊపాడు. కొన్నాళ్లకు అక్కడి బొగ్గంతా తీసేసి ఆ చోటును శాశ్వతంగా మూసేశారు. ఆ దుంగలు నిలబెట్టకపోతే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. నేను చేసింది ఒప్పో, అనవసరమో, ఈ వయసుకు కూడా నాకు తెలియదు. కానీ మేనేజర్ దగ్గర నిలబడి వచ్చిన ఆ సాయంత్రం, నేను భయపడ్డ అవమానం ఎదురైంది గానీ, అది నా వెంట ఇంట్లోకి రాలేదు. అవ్వ వడ్డించిన అన్నం కడుపునిండా తిన్నాను.

మరుసటి ఏడు మనుషులను అటూ ఇటూ మార్చేటప్పుడు బావను వేరే సర్దార్ కిందికి వేశారు. ఆ చోటు మాకన్నా సుఖం, నడక కూడా తక్కువ. బావ పోయి ఓవర్‌మన్‌ను బతిమాలుకుని మళ్లీ నా కిందికే వచ్చాడు. ఎందుకు వచ్చావని నేను అడగలేదు. ఓవర్‌మనే ఒకసారి మాటల మధ్య చెప్పాడు, మా బావ ఆయనతో ఏమన్నాడో. “గాయన కింద ఉంటే మా ఇంటిది ఫికర్ లేకుంట వంట చేస్కుంటది సార్” అన్నాడట. తాను చనిపోయే దాకా నా ఎదుట మాత్రం ‘ప్రార్థన సర్దార్’ అనే పిలిచాడు. ఆ పిలుపు ఎప్పుడు ఎకసక్కెం కాకుండా పోయిందో నేను గమనించుకోలేదు.

మేము దిగిన బావి నోటికి ఇప్పుడు గోడ కట్టేశారు, దాని మీద తుమ్మచెట్లు మొలిచాయి. చుట్టుపక్కల భూమిని పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టులు వచ్చాయి, మట్టి గుట్టలై లేచింది. ఇంకా కిందికి దిగేచోట కప్పు కదలికను కనిపెట్టడానికి యంత్రాలు ఉన్నాయంటారు. సంతోషమే, ఒక్క ప్రాణం మిగిలినా మేలే. పెంకుల గది పోయి పాలరాతి చర్చి వచ్చింది, చాపల చోట కుర్చీలు వచ్చాయి, నల్లటి చెవులు ఎక్కడా కనిపించవు. అప్పట్లో ఆరాధన చివర ఎవరి అవసరం వాళ్లు లేచి నిలబడి గొంతెత్తి చెప్పుకునేవాళ్లు, నాకు భయంగా ఉందని చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడేవాళ్లు కాదు. ఇప్పుడు మైకులో పాటలు బాగుంటాయి, ప్రసంగాలు బాగుంటాయి, అయిపోగానే ఎవరి బండి వాళ్లు తీస్తారు. భయాలు మాత్రం గోడ పక్కకు పిలిచి చెప్పుకోవలసినవి అయిపోయాయి. మొన్న ఆ గోడ పక్కన మేనకోడలి తల మీద చెయ్యి ఉంచి, తప్పు సంగతి ఎత్తకుండా, ఆమె వార్డులోని వాళ్లంతా క్షేమంగా ఇల్లు చేరాలని ప్రార్థన చేశాను.